తొమ్మిదోనాడు ఏసీ సర్వీసు

ఆ రోజు పొద్దున డానియేలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. దబీర్‌పురాలో ఒక ఏసీ చూసి, పదకొండుకల్లా ఇంటికెళ్లి, వాళ్లావిడ చేసిన పప్పుచారు తిని, ఎండ తగ్గేదాకా పడుకోవడం. ఏసీ మెకానిక్కుకు మే నెలలో మధ్యాహ్నం నిద్ర దొరికితే పండగే.

పిలిచింది శ్రవణ్‌కుమార్. బస్సు డ్రైవరుగా రిటైరైన వాళ్ల నాన్న రామ్‌చందర్ పోయి తొమ్మిది రోజులైంది. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి ఆవేళ పిట్టకు పెడతారు; కాకి వచ్చి ముడితే పోయినాయన తిన్నట్టే. వచ్చే నలభైమంది చుట్టాలు ఉక్కపోతకు సణగకుండా, పెద్దాయన గదిలో ఏసీ బాగుచేయించాలని కొడుకులు అనుకున్నారు. అదే ఏసీ చల్లగా రావడం లేదని పెద్దాయన నెల రోజులు మొత్తుకున్నప్పుడు ఎవరికీ తీరిక దొరకలేదు. మన ఇళ్లలో ఇది మామూలే.

డాబా మీద బయటి యూనిట్ చూడగానే డానియేలుకు రోగం తెలిసిపోయింది. యూనిట్‌కూ గోడకూ మధ్య కాకి గూడు. గాలి ఆడక మిషను ఉడికిపోతోంది. గూట్లో గుడ్లు లేవు, పిల్లలు లేవు. పుల్లలు, వైరు ముక్కలు, బట్టల హ్యాంగరు ఒకటి. గూడు పీకి పారేసి, పైపుతో నీళ్లు కొట్టి కడిగాడు. అంతే పని. కాకి వచ్చి నెత్తిన రెండుసార్లు పొడిచింది. డానియేలు హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇంతలో ఇంటిల్లిపాదీ విస్తరితో పైకొచ్చారు. బగారన్నం, మటన్, తెల్లకల్లు, రెండు ఉస్మానియా బిస్కెట్లు. పిట్ట ముట్టేదాకా ఎవరూ ఎంగిలిపడరు. పెద్దాయన భార్య నాగమణమ్మకు షుగరు. అయినా పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆయన తిన్నాడని కళ్లారా చూస్తేగానీ తినను అని కూర్చుంది.

కాకులు వచ్చాయి. ఒకటి కాదు, ముప్ఫై. తీగల మీద, పక్కింటి ట్యాంకు మీద చేరి ఒకటే అరుపు. దిగేది మాత్రం ఒక్కటీ లేదు. అవి చూస్తున్నది విస్తరిని కాదు, డానియేలును. ఆ సంగతి అతనికొక్కడికే అర్థమై, మెల్లగా మెట్ల వైపు జరిగాడు.

"ఏయ్, కదలకు!" అంది పోయినాయన చెల్లెలు బేబీ. "పిట్ట ముట్టేటప్పుడు మెట్లు దిగద్దు."

"అక్కా, నేను పోతెనే..."

"సప్పుడు చెయ్యకు భాయ్!" అని శ్రవణ్‌కుమార్ గదిమాడు.

గంట గడిచింది. "అన్న మనసుల ఏదో ఉన్నది," అని బేబీ తేల్చింది. ఇక మాటలివ్వడాలు మొదలయ్యాయి.

"బాపూ, నీ స్కూటర్ అమ్మను. నేనే నడుపుకుంట," అన్నాడు శ్రవణ్‌కుమార్. కాకులు అరిచాయి.

"బాపూ, ఇయ్యాల్టి సంది మందు చుక్క గూడ ముట్ట," అన్నాడు చిన్న కొడుకు దీక్షిత్. కాకులు ఇంకా గట్టిగా అరిచాయి. అవి కూడా నమ్మలేదేమో. విస్తరి పక్కన ఇరానీ చాయ్ పెట్టారు, సమోసాలు పెట్టారు. పదేళ్ల కిందట అన్న ఇంట్లోంచి పట్టుకుపోయిన ఇత్తడి బిందె తిరిగి ఇచ్చేస్తానని బేబీ అందరి ముందూ ఒప్పుకుంది. ఆ బిందె పోయిన సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

హెల్మెట్ తీస్తే గుర్తుపట్టవేమోనని డానియేలు తీసి వెనక్కి దాచాడు. కాకి వచ్చి మూడోసారి పొడిచింది.

"చూసిండ్రా! ఏసీ ఆయన్నే పొడిచింది!" అంది బేబీ.

"నాకు తెల్సు," అంది నాగమణమ్మ. "గా ఏసీ కోసమే. ఆఖరి దినం గూడ ఉక్కపోస్తున్నది నాగమణీ అన్నడు. రేపు పిలుస్త, పండుకో అన్న. రేపటికి ఆయన లేడు. చెమటతోనే పోయిండు. బిడ్డా, నువ్ కిందికి వొయ్యి ఏసీ చాలూ చెయ్."

డానియేలు నాలుగేసి మెట్లు దూకుతూ వెళ్లి స్విచ్ వేశాడు. పైన యూనిట్ ఫ్యాను తిరిగింది. గూడు పీకిన మనిషి కనబడకపోయేసరికి కాకులన్నీ విస్తరి మీద పడ్డాయి.

"ముట్టింది! ముట్టింది!" డాబా అదిరిపోయింది. కొడుకులు కౌగిలించుకున్నారు. బేబీ అప్పుడే బిందె గురించి బాధపడడం మొదలుపెట్టింది.

నాగమణమ్మ మాత్రం కూలబడిపోయింది. "అంటే నిజంగనే నా మీద కోపంతోనే పోయిండు," అని వెక్కి వెక్కి ఏడ్చింది. కంచం ముందు పెడితే పక్కకు నెట్టేసింది.

పైకొచ్చిన డానియేలు ఆమె ఏడవడం చూశాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు. "అమ్మా, బాపు కోపం గాదు. కాకులు నన్ను జూసి..."

ఆమె తలెత్తింది. "ఒక్కటి చెప్పు బిడ్డా. దానికి ఎంత పనుండె? అప్పుడే పిలిస్తే అయిపోతుండెనా?"

గూడు సంగతి చెబితే అరగంట పని అని చెప్పినట్టే. ఆ అరగంటను ఆమె బతికినన్నాళ్లూ మోయాలి.

"లేదమ్మా. కంప్రెసరే పోయింది. అప్పుడు పిలిచినా నాతోని గాకపోతుండె. ఎవ్వలతోని గాకపోతుండె. బాపు అలిగినా నీ మీద గాదు, మిషిన్ మీదనే."

"మరి ఇప్పుడెట్ల నడుస్తున్నది?" అన్నాడు శ్రవణ్‌కుమార్.

"ఏదో జుగాడ్ చేసిన అన్నా, నడిచినన్ని దినాలు నడుస్తది."

నాగమణమ్మ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. తర్వాత కంచం దగ్గరికి లాక్కొని, ముద్ద కలిపి, ఏడుస్తూనే నోట్లో పెట్టుకుంది.

కింద గదిలో, ఆ పోయిన కంప్రెసరు పెడుతున్న చలికి చుట్టాలు దుప్పట్లు అడుగుతున్నారు.