పంక్తిలో విమానం

తిరువళ్ళూరులో ఆ ఉదయం సన్నటి వాన కురిసి వెలిసింది. ద్వారకనాథ్ డాబా మీద కాఫీ గ్లాసుతో నిలబడి, మబ్బుల్లోకి పోతున్న విమానాన్ని చూస్తూ, అందులో అందరికీ వేడివేడి ఇడ్లీలు అందుతున్నట్టు ఊహించుకున్నాడు. చెన్నైలోని ఒక పాత విమాన కంపెనీలో భోజనాల శాఖకు అతనే పెద్ద. చౌక టికెట్టుకు ఎక్కించుకుని మంచినీళ్ళు కూడా అమ్మే కొత్త కంపెనీలు ప్రయాణికులను ఎగరేసుకుపోతున్నాయి. మనమూ భోజనం తీసేసి టికెట్టు తగ్గిద్దామని పైఅధికారి సుందరరాజ్ పట్టుబట్టాడు. ఆ సాయంత్రం ఛైర్మన్ మీటింగులో అది తేలిపోతుంది. భోజనం పోతే ద్వారకనాథ్ శాఖ కూడా పోతుంది. ఆకాశంలో మనిషికి అన్నం పెట్టడం కంటే గొప్ప ఉద్యోగం లేదని నమ్మినవాడు పాపం.

"ఒక్క తూరి తిని చూడండి సార్. చిన్న ట్రేలో చిటికెలో వడ్డించి, చిటికెలో తీసేస్తాం" అని బతిమాలి, సుందరరాజ్‌ను ఆ మధ్యాహ్నానికి తిరుత్తణి రమ్మన్నాడు. అక్కడ చిన్నమ్మ చెంగమ్మకు కల్యాణ మంటపం ఉంది. అందులో కుర్చీలు విమానంలోలా వరుసలు వేయించి, గోడలకు కిటికీల్లా గుండ్రటి నీలం కాగితాలు, వాటి మీద దూది మబ్బులు అంటించాడు. ప్రయాణికులుగా పూండి నుంచి చుట్టాలు వచ్చారు. ఎయిర్ హోస్టెస్ చెంగమ్మ మనవరాలు దర్శిని. ఆమెది నిజంగానే ఆ కంపెనీలో అదే ఉద్యోగం.

చెంగమ్మ ట్రే చూసేదాకా అంతా సవ్యంగానే ఉంది.

"ఏం నాయనా, ఇది సాపాటా, నైవేద్యమా?"

"విమానంలో ఇంతే చిన్నమ్మా."

"ఇది నా మంటపం కదా."

ట్రేలు లోపలికి పోయాయి. కుర్చీల ముందు బల్లలు, బల్లల మీద అరిటాకులు వచ్చాయి. సాంబారు వాసన వీధిలోకి నడిచింది. ఆ రోజు కృత్తిక, కొండ మీది గుడికి జనం విరగబడే రోజు. ఎప్పుడూ ఆకాశమే చూసే ద్వారకనాథ్ క్యాలెండరు చూడలేదు. గుండు చేయించుకుని, చందనం రాసుకుని కొండ దిగిన భక్తులు, తెరిచిన తలుపులనూ పరిచిన ఆకులనూ చూసి అన్నదానం అనుకున్నారు. చల్లగా వచ్చి కూర్చున్నారు. దర్శిని అలవాటుగా టికెట్ అడిగితే ఒకాయన దర్శనం టికెట్ చూపించాడు. ఆయన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది.

ఆకు ముందు కూర్చున్నవాణ్ణి లెమ్మనడం ఆ ఊళ్ళో లేదు. సీట్లు పోయిన పూండి చుట్టాలు బకెట్లు అందుకుని వడ్డనలోకి దిగారు.

సుందరరాజ్ వచ్చేసరికి వరదన్ అనే ముసలి భక్తుడి పక్కన ఒక్క సీటే మిగిలింది. దర్శిని విమానం ఎగిరేముందు చేయించినట్టే సుందరరాజ్ ఫోను ఆపించి కూర్చోబెట్టింది. రెండు ముద్దలు తిని ఆయన గడియారం చూసుకున్నాడు.

"ద్వారకనాథ్, నేను బయల్దేరాల. మీటింగు ఉంది."

రసం బకెట్టుతో చెంగమ్మ అడ్డం నిలబడింది. "కూర్చో అయ్యా. పక్కన పెద్దాయన ఇంకా సాంబారులోనే ఉండాడు. పంక్తిలో నువ్వు నడమ లేస్తే ఆయన కూడా చెయ్యి కడిగేయాల."

వరదన్ తలెత్తి, ఏ తొందరా లేని కళ్ళతో సుందరరాజ్‌ను చూశాడు. సుందరరాజ్ కూర్చున్నాడు. కూర్చున్నవాడి ఆకు ఖాళీగా ఉంటే చెంగమ్మ ఊరుకోదు. రసం అయింది, పాయసం రెండుసార్లు అయింది, మజ్జిగ అయింది. వరదన్ మళ్ళీ అన్నం అడిగాడు.

ఫ్యాన్లు గుయ్యిమని తిరుగుతున్నాయి. ఆ గాలికి దూది మబ్బులు కదులుతున్నాయి. మంటపం మెల్లగా నేల వదిలి, కొండ మీదుగా తేలిపోతున్నట్టు ద్వారకనాథ్‌కు అనిపించింది. చూపు దించేసరికి సుందరరాజ్ వరదన్ భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. లేపితే మీటింగుకు పోయి భోజనం తీసేస్తాడు. లేపకపోతే లేచాక తననే తీసేస్తాడు. ద్వారకనాథ్ లేపడానికే చెయ్యి చాచాడు.

"తిని పడుకున్నోణ్ణి లేపొద్దయ్యా" అన్నాడు వరదన్, మజ్జిగన్నం కలుపుకుంటూ.

సుందరరాజ్ లేచేసరికి దీపాలు పెట్టారు. ఫోను తెరవగానే ఛైర్మన్ గొంతు స్పీకరులో అందరికీ వినిపించింది.

"ఎక్కడున్నారండీ? మీరు రాక మీటింగు ఆగిపోయింది."

నిద్రమత్తులో అబద్ధం తట్టలేదు. "తిరుత్తణిలో సార్. మన విమానం భోజనం తిన్నాను. నిద్రపోయినాను."

ద్వారకనాథ్ కళ్ళు మూసుకున్నాడు.

"మన విమానంలో మనిషి కడుపు నిండా తిని నిద్రపోయి ఎన్నేళ్ళయిందండీ?" అన్నాడు ఛైర్మన్ నెమ్మదిగా. "చౌక కంపెనీ వాళ్ళు అది అమ్మలేరు. భోజనం ఉండనివ్వండి."

ద్వారకనాథ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత ఉత్తర్వులు వచ్చాయి. భోజనాల శాఖను, తిన్న అనుభవం ఉందని, సుందరరాజ్‌కు అప్పగించారు. ద్వారకనాథ్‌ను విమానాలు వేళకు బయల్దేరేట్టు చూసే శాఖకు మార్చారు.