చక్రం తిరుగుతూనే ఉండాలి

నెమ్మదిగా నడిచే ఇంటర్నెట్ మనిషికి దొరికిన గొప్ప వరం. నవ్వకండి! దేశమంతా వీధులు తవ్వి, వెంట్రుకంత సన్నటి గాజుతీగ పరిచి, మెరుపు వేగాన్ని దశలవారీగా ఇంటింటికీ పంచుతున్నారు. ఏ దశలోనూ లేనివాణ్ణి నేను. ఈ మాట చెప్పే అర్హత నాకు కాక ఇంకెవరికుంది?

తెర మధ్యలో గుండ్రంగా తిరుగుతుందే, ఆ చక్రం! దాని విలువ వేగం ఉన్నవాళ్ళకేం తెలుసు? జనం ఎక్కడెక్కడికో పోయి ధ్యానం నేర్చుకుంటున్నారు. మేం సోఫాలో వరసగా కూర్చుని, ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా ఒకే చోటు చూస్తాం. మధ్యలో ఎవరైనా తుమ్మితే "కదలకు, వచ్చేస్తోంది!" అని కసురుకుంటాం. ఇంత ఏకాగ్రత ఏ గురువు నేర్పగలడు?

సినిమానే తీసుకోండి. హంతకుడు ముసుగు తీయబోతాడు. చక్రం! ఆ సందులో మా మామగారు వంటవాడే చంపాడంటారు, మా అమ్మాయి డాక్టరంటుంది. వాదించుకుంటాం, అలుగుతాం, కాఫీ తాగి రాజీపడతాం. వేగం ఉన్న ఇంట్లో హంతకుడు చిటికెలో దొరికిపోతాడు. ఆ తర్వాత ఆ కుటుంబం ఏం మాట్లాడుకుంటుంది పాపం?

ఆఫీసు మీటింగులోనూ ఇదే నన్ను కాపాడుతోంది. గడ్డం కింద చెయ్యి, ముడిచిన కనుబొమలు, అలాగే బిగుసుకుపోయి ఉంటుంది నా బొమ్మ. "చూడండి, ఆయన ఎంత శ్రద్ధగా వింటున్నాడో!" అని మేనేజరు మిగతావాళ్ళకు నన్ను చూపించాడట. ఆ సమయానికి నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను.

ఇక మా బావ. వీడియో కాల్‌లో "బావా, నీతో ఓ చిన్న పని పడింది" అనేసరికి నోరు తెరిచి ఆగిపోతాడు. నా ప్రమేయం ఏమీ లేదు. లైన్ మరీ బాగున్న రోజుల్లో మాత్రం నేనే నోరు తెరిచి ఆగిపోతాను.

ఇంత సుఖంగా సాగుతున్న కాపురంలో, ఎదురింట్లో ఉండే మా అన్నయ్యకు ఫైబర్ వచ్చింది.

రావడం కూడా ఎలా వచ్చిందంటారు? మా వాకిట్లోంచి వచ్చింది! మనుషులు గునపాలతో దిగి మా గేటు నుంచి గడప దాకా తవ్వారు, మా ఆవిడ మల్లెచెట్టును పక్కకు పెకలించారు, తీగ వేశారు, పూడ్చారు, రోడ్డు దాటించి అన్నయ్య గోడకు బిగించారు. నేను సూపర్‌వైజరును పట్టుకున్నాను.

"మరి మాకు?"

"మీ వరస తర్వాతి దశ సార్."

"తీగ ముందు మా దగ్గరికే కదయ్యా వచ్చింది?"

"వచ్చింది సార్. ఇక్కడ ఆగలేదు."

ఎంత నిజం చెప్పాడు! నేను తలూపి, ఆయనకు మంచినీళ్ళిచ్చి పంపాను.

వేగం మనకెందుకని ఆరోజే మా ఆవిడతో అన్నాను. ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టి నా వైపు చూసింది, అంతే.

ఆవిడ వీడియోలో కుట్టుపని నేర్పుతుంది. నేర్పడంలో ఆవిడకు సాటి లేదు. కాకపోతే "ఇదిగో, ఇక్కడ జాగ్రత్తగా..." అని కత్తెర ఎత్తగానే చక్రం వస్తుంది. చక్రం పోయేసరికి గుడ్డ రెండు ముక్కలై ఉంటుంది, ఆవిడ "అంతే, అయిపోయింది" అంటూ ఉంటుంది. మధ్యలో జరిగింది శిష్యురాళ్ళు సొంత తెలివితో ఊహించుకోవాలి. దీనివల్ల సృజన పెరుగుతుందని నా అభిప్రాయం. పెరిగింది కూడా. ఒకావిడ చొక్కాకు జేబు వీపు మీద వచ్చింది. ఇంకొకావిడ ఫోన్ చేసి "అక్కా, అంతా బాగుందక్కా, తల దూర్చడానికే దారి లేదు!" అంది.

అందరూ కలిసి ఒక మాట చెప్పేశారు. ఈసారి కాలరు పాఠమైనా తెగకుండా రాకపోతే వేరే టీచరును చూసుకుంటాం అని.

ఇవాళ ఆ కాలరు పాఠం. పొద్దున్నే మా ఆవిడ కుట్టుమిషనుకు ఒక వైపు తను నిలబడి, ఇంకో వైపు మా అమ్మాయిని నిలబెట్టింది. "అక్క వాళ్ళ ముందు గదిలో చెబుతాను" అంది. అక్కంటే మా వదిన.

"అన్నయ్య ముందు మన పరువేం కాను?" అన్నాను.

"పరువుకి కాలరు నేను కుట్టలేనండీ. కాస్త తప్పుకోండి, మిషను తగులుద్ది."

తప్పుకున్నాను. మిషను రోడ్డు దాటింది.

ఇప్పుడు నేను వాకిట్లో కుర్చీ వేసుకుని ఈ వ్యాసం పత్రికకు పంపుతున్నాను. పంపుతూనే ఉన్నాను. చక్రం తిరుగుతోంది. ఎదురింటి కిటికీలోంచి మా ఆవిడ మాట వినిపిస్తోంది: "ఇక్కడ మడవాలి, ఇక్కడ గుచ్చాలి, ఇదిగో, ఇలా కత్తిరించాలి." అవతలి నుంచి "ఆ అక్కా, కనిపించిందక్కా! మొత్తం కనిపించింది!" అని కేకలు. ఆ మాటలూ ఆ కత్తిరింపులూ అన్నీ నా కుర్చీ కాళ్ళ కిందుగానే పోతున్నాయి కదా అనుకున్నాను. ఒక్క ముక్క తెగకుండా పోతున్నాయి. ఇక్కడ ఆగడం లేదు.

ఇంతలో కిటికీలోంచి మా అన్నయ్య తల బయట పెట్టాడు.

"ఏరా, మీ చక్రం కులాసాయేనా?"

"దివ్యంగా ఉందన్నయ్యా!"

"మీ ఆవిడ కళ్ళజోడు మర్చిపోయిందట, పట్రా."

పట్టుకెళ్ళాను. కళ్ళజోడు ఇవ్వడానికే వెళ్ళానని పాఠకులు గమనించాలి. జేబులో ఫోనుందంటే అది అలవాటు. దాంట్లోకి అన్నయ్య వాళ్ళ పాస్‌వర్డ్ ఎలా వచ్చిందో మా అమ్మాయిని అడగాలి. గడప లోపల కాలు పెట్టానో లేదో, జేబులో టింగుమంది. అప్పటిదాకా రాసిన వ్యాసం పత్రికకు చేరిపోయింది. ఈ మిగతా ముక్క దాని వెనకాలే పంపుతున్నాను.

అయినా నా మాట మీదే నిలబడతాను. నెమ్మదే వరం! ఇంత గొప్ప వరాన్ని నేనొక్కణ్ణే అనుభవించడం న్యాయం కాదు. దశలు నిర్ణయించే పెద్దలారా, తర్వాతి దశలో దీన్ని దయచేసి ముందు మీ ఇళ్ళకు బిగించుకోండి. తవ్వడానికి గునపం కావాలంటే చెప్పండి, మీవాళ్ళు మా వాకిట్లోనే ఒకటి మర్చిపోయారు.