కుడి పైట, కుడి జేబు

"ఇంక మన మండలంలో ఒక్క దొంగ మొహం కూడా మిగలదు" అని పెంచలకృష్ణ గారు మైపాడు బీచి దగ్గర మైకులో ప్రకటించారు. ఇంకొకరి ఫొటో ఎత్తుకుపోయి, పేరు మార్చి ప్రొఫైళ్లు నడిపేవాళ్లను నలభై రోజుల్లో ఏరిపారేసి, దేశంలోనే మొట్టమొదటి నకిలీ ప్రొఫైళ్ల రహిత మండలంగా తీర్చిదిద్దుతామన్నారు. ఉద్యమానికి 'నీ మొహం నీ హక్కు' అని నామకరణం కూడా చేసేశారు.

పార్టీ డిజిటల్ విభాగం అధ్యక్షుడైన పెంచలకృష్ణ గారు మాట మీద నిలబడే మనిషి. పోయినేడు దోమల రహిత మండలం అని ప్రకటించిన మాట మీద ఆయన ఇప్పటికీ నిలబడే ఉన్నారు. దోమలకే నిలకడ లేదు.

ప్రకటన పూర్తి చేస్తూ ఆయన ఎడమ జేబు మీద చెయ్యి వేసుకున్నారు. పల్చటి తెల్లచొక్కా జేబులోంచి పార్టీ అధినేత ఫొటో లోకాన్ని చూస్తూ ఉంటుంది. "పెద్దాయన నా గుండెల్లో ఉండాడు" అని ఆయన అన్నప్పుడు ఎవరూ కాదనకుండా చేసుకున్న ఏర్పాటు అది.

వెనక వరసలో మూడేళ్ల కొడుకును చంకనేసుకుని నిలబడ్డ కామాక్షికి ఆ మాటలు వింటుంటే కళ్లనీళ్లు తిరిగాయి. మొహం పోగొట్టుకున్నవాళ్లలో ఆమె ఒకతె.

కామాక్షి ఎనిమిదో తరగతిలోనే బడి మానేసింది. మొగుడు హజరత్తయ్యది సముద్రం మీద వేట. కొడుకు చిట్టి పుట్టినరోజున, హజరత్తయ్య బోటు ముందు బిడ్డనెత్తుకుని ఫొటో దిగి తన ప్రొఫైల్లో పెట్టుకుంది. నెల తిరక్కుండా అదే ఫొటో 'హారిక' అనే పేరుతో బయటికొచ్చింది. కింద ఇట్లా రాసుంది: "నా బిడ్డకు గుండెలో రంధ్రం. పెంచలన్న ఒక్క ఫోన్ కొట్టాడు, ఆపరేషన్ అయిపోయింది. నా బిడ్డ గుండె కొట్టుకున్నంత కాలం పెంచలన్న పేరే కొట్టుకుంటుంది."

పాపం, అంత పెద్దమనిషి పేరు కూడా వాడుకున్నారే అని కామాక్షి బాధపడింది.

చిట్టికి గుండెలో ఏ రంధ్రమూ లేదు. కానీ ఆ పోస్టు వాళ్ల పాలెంలో ప్రతి ఫోన్లోకీ వెళ్లింది. అంగన్వాడీ టీచరు వాణి చిట్టిని ఆటల్లోంచి లేపి గోడవారన కూర్చోబెట్టింది.

"మా వాడికేం లేదు టీచరమ్మా."

"లేదని నువ్వంటుండావు. ఉందని నాలుగు వేల మంది లైకులు కొట్టినారు. రేపు పరిగెత్తతా పరిగెత్తతా పడితే నా ఉద్యోగం ఊడద్ది. జబ్బు లేదని కాయితం తీసుకురా, ఆడిస్తా."

జబ్బు ఉంటే కాయితాలిచ్చే ఆసుపత్రులున్నాయి గాని, లేని జబ్బు లేదని రాసిచ్చేవాళ్లు కామాక్షికి దొరకలేదు. తోటి పిలకాయలు రైలాట ఆడుతుంటే 'గుండె పిలకాయ' గోడకానుకుని చూసేవాడు. మధ్యాహ్నం వాడు నిద్రపోతున్నప్పుడు కామాక్షి వాడి రొమ్ము మీద చెవి పెట్టి వినేది. అంతా అబద్ధమని తెలుసు. తెలిసీ వినేది.

అందుకే ఆ ప్రకటన మర్నాడు పొద్దున్నే ఉద్యమం కోసం పెట్టిన హెల్ప్ డెస్క్ దగ్గరికి పోయింది. షామియానా కింద ఒక బల్ల, ల్యాప్‌టాప్, పెద్ద టీవీ, టెక్నికల్ ఇంచార్జి అశోక్. అతను నకిలీలను పట్టడంలో ఆరితేరినవాడని పేరు. కామాక్షి చెప్పిందంతా ఓపిగ్గా విని ఆమె ప్రొఫైలు తెరిచాడు.

"పైన నీ మొహం లేదు, తామరపువ్వు ఉండాది. ఫ్రెండ్స్ పదిహేడు మంది. అకౌంటు పుట్టి ఏడాది కూడా కాలేదు. ఇంతవరకూ ఏ నాయకుడికీ ధన్యవాదాలు చెప్పలేదు. నాలుగుకి నాలుగు గుర్తులు. అక్కా, నువ్వు నకిలీ."

"నేనా? నీ ఎదురుగా నిలబడుండా కదా నాయనా!"

"ఎదురుగా ఉండావు. సిస్టంలో లేవు గదక్కా."

"మరి ఆ హారిక?"

"ఆమెకేం, నాలుగు వేల మంది ఉండారు. రోజూ ఆరింటికి గుడ్ మార్నింగ్ చెప్తుంది. మా ఇంట్లోవాళ్లే నాకు చెప్పరు. అంతకంటే నిజం మనిషి ఎవరుంటారు?"

"ఆ ఫొటో నాదయ్యా!"

"రెండు ఫొటోలూ పక్కపక్కన వేసి వెతికించినా. ఒకటి కాదంది. మిషను అబద్ధం చెప్పదు."

కామాక్షి కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చింది. వాకిట్లో అత్త మాలకొండమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. మాలకొండమ్మకు చదువు రాదు, ఫోనూ రాదు. కోడలు ఏడుస్తూ చూపించిన హారిక ఫొటోను చెయ్యంత దూరంలో పెట్టుకుని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏమ్మే, పైట కుడిభుజానేసుకున్నావేంది? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?"

"నేనెందుకేసుకుంటా అత్తా?"

"బిడ్డ దిష్టిచుక్క కూడా కుడి బుగ్గనుండాది. మన ఇంట్లో మగబిడ్డకి ఎడమ బుగ్గనే గదే పెట్టేది!"

కామాక్షి ఫోను లాక్కుని చూసింది. వెనక బోటు మీద పేరు చదవబోయింది. ఎనిమిదో తరగతి దాకా నేర్చిన తెలుగేదీ ఆ అక్షరాల దగ్గర పని చెయ్యలేదు. గబగబా లోపలికి పోయి, బొట్టుబిళ్లలు అంటించి ఉన్న గోడ అద్దానికి ఎదురుగా ఫోను పట్టుకుంది. అద్దంలో పైట ఎడమభుజానికొచ్చింది. చుక్క ఎడమ బుగ్గకొచ్చింది. బోటు మీద 'గంగాదేవి' అని చక్కగా కనపడింది.

మిషను కనిపెట్టకుండా ఫొటోను తిప్పి పెట్టిన దొంగ, కుడిపైట వేసుకునే ఆడది ఈ తీరంలో లేదన్న సంగతి మర్చిపోయాడు.

కామాక్షి అద్దం ఊడదీసుకుని మళ్లీ హెల్ప్ డెస్క్‌కి పోయేసరికి పెంచలకృష్ణ గారు విలేకరులతో అక్కడే ఉన్నారు. ఆమె అద్దం పట్టి చూపించగానే ఆయన ఉప్పొంగిపోయారు.

"చూసినారా! చదువు లేని ఆడబిడ్డ చేత కూడా నకిలీలను పట్టించినాం! దీనికి పైట పరీక్ష అని నేను పేరు పెడుతుండా. మగోళ్లకి జేబు పరీక్ష. చొక్కా జేబు ఎడమనుంటే మనిషి. కుడినుంటే నకిలీ."

అప్పటికప్పుడు టీవీలో ప్రతిపక్షం వాళ్ల పేజీ పెట్టించారు. కుడి జేబుల వాళ్లు ఏడుగురు దొరికారు. జనం చప్పట్లు కొట్టారు.

"మీ పేజీ కూడా పెట్టించండన్నా" అన్నాడు ఒక విలేకరి.

"ఓ, పెట్టరా అశోక్!"

"అన్నా, కరెంటు పోయేటట్టుండాది."

"పోలేదు గదరా?"

"పోతే బాగుండేటట్టుండాది."

పేజీ తెరుచుకుంది. పెంచలన్నకు దండాలు పెడుతున్న ఆడవాళ్లు వరసగా వచ్చారు. చేపల బుట్టలు పక్కన పెట్టి చూస్తున్న పాలెం ఆడవాళ్లకు ఆట దొరికింది.

"కుడి!"

"ఇదీ కుడే!"

"కుడి మే, కుడి!"

"ఓ యమ్మా, ఈమె సూళ్లూరుపేటలో ఉండే మా మేనత్త! ఆమెకి ఫోనే లేదు!"

నూట పన్నెండు మంది వచ్చారు. నూట పన్నెండు పైటలూ కుడివైపే. పెంచలకృష్ణ గారు ఒక గోలీసోడా తాగేంతసేపు ఆలోచించారు. గొప్ప నాయకులకు అంతకంటే ఎక్కువ సమయం అక్కర్లేదు.

"ఇది మా మహిళా విభాగం యూనిఫాం" అన్నారు సీసా కింద పెట్టి. "తరతరాలుగా ఎడమభుజం ఒక్కటే భారం మోస్తుండాది. కుడిభుజానికి న్యాయం చెయ్యాలని మా పార్టీ నిర్ణయం. ఆదివారం ఇదే బీచిలో కుడి పైట మహాసభ. అందరూ రండి, కళ్లారా చూడండి."

విలేకరులు రాసుకున్నారు.

జనం పలచబడ్డాక కామాక్షి ఆయన దగ్గరికి పోయింది. "అన్నా, నాకు సభలొద్దు. నా బిడ్డ ఫొటో తీయించండి చాలు. వాణ్ణి ఆడనియ్యడం లేదు."

"తీస్తే ఆ నాలుగు వేల మంది మనసు ఏమైపోవాలమ్మా?"

"వాడికి జబ్బు లేదన్నా."

"నేనూ అదే గదా చెప్తుండేది! బాగైపోయిందని పోస్టు పెట్టించినాం." ఆయన గొంతు తగ్గించారు. "ఆదివారం హారికగా వచ్చి నా పక్కన నిలబడు. ఆ టీచరుకి నా లెటర్‌హెడ్ మీద కాయితం రాసిస్తా. సోమవారానికి నీ బిడ్డ గుండె బాగైపోద్ది."

కామాక్షి అద్దం కోసం చెయ్యి చాపింది. "అది ఉద్యమ చిహ్నం, ఇక్కడుండనీ" అన్నారాయన.

శనివారం పార్టీ ఆఫీసు నుంచి పెయింటరు వచ్చాడు. హారిక ఫొటోలో ఉన్నట్టే గంగాదేవి పేరును తిప్పి రాయాలన్నాడు.

"తిప్పి రాస్తే సముద్రంలో ఎవుడు గుర్తు పడతాడబ్బా?" అన్నాడు హజరత్తయ్య.

"అద్దం పెట్టుకున్నోడు" అని పెయింటరు పని మొదలుపెట్టాడు.

ఆదివారం పాలెంలో రెండువందల మంది ఆడవాళ్లు కుడి పైటలు వేసుకుని ఇసుకలోకి దిగారు. అలవాటు లేక పైట జారుతుంటే ఎడమచేత్తో సర్దుకోబోయి కుడిచేత్తో పట్టుకుని నవ్వుకున్నారు. మాలకొండమ్మ సణుగుతూనే మనవడికి కుడి బుగ్గన చుక్క పెట్టింది. 'గంగాదేవి' వాళ్ల వెనక వెనక్కి తిరిగి నిలబడింది.

పెంచలకృష్ణ గారు తమ సూత్రాలను మరిచే మనిషి కాదు. ఆడవాళ్ల విషయంలో విధానం మారినా, ప్రతిపక్షం వాళ్లను పట్టే జేబు పరీక్ష మాత్రం అమల్లోనే ఉంచారు. "కుడి జేబు కనపడితే పార్టీ చూడొద్దు, పెద్దోడా చిన్నోడా చూడొద్దు! మూడు చుక్కలు నొక్కండి, రిపోర్ట్ నొక్కండి, నకిలీ అని నొక్కండి!" అని ఫోను ఎత్తి చూపించి అందరిచేతా మూడుసార్లు నొక్కించారు. కామాక్షి శ్రద్ధగా నొక్కింది. మూడోసారి నొక్కేటప్పుడు ఆయన జేబు వైపు కాసేపు చూసింది.

తర్వాత అందరూ బోటు ముందు నిలబడ్డారు. మధ్యలో గుండె మీద చెయ్యి వేసుకుని పెంచలకృష్ణ గారు, పక్కన చిట్టితో కామాక్షి. అశోక్ ఫొటో తీశాడు.

"తమ్ముడూ, ఎప్పుడూ పెట్టేటట్టే పెట్టు నాయనా" అంది కామాక్షి.

"ఆ మాత్రం తెలీదా అక్కా?"

అశోక్ ల్యాప్‌టాప్‌లో ఏ ఫొటో పడ్డా తిరగబడే బయటికొస్తుంది. ఏళ్ల తరబడి చేతికి అబ్బిన పనితనం అది. ఒకసారి సరిచూసుకున్నాడు కూడా. బోటు మీద 'గంగాదేవి' అని అక్షరం పొల్లుపోకుండా చదవడానికొస్తోంది. సంతృప్తిగా పెంచలన్న పేజీలో పెట్టేశాడు.

సాయంత్రానికి పాలెం ఆడవాళ్లందరూ ఫోన్లు తెరిచారు. రెండువందల పైటలూ ఎడమభుజాల మీద పద్ధతిగా ఉన్నాయి. చిట్టి చుక్క ఎడమ బుగ్గన ఉంది. "ఇప్పుడు ఇంటి బిడ్డ మాదిరుండాడు" అంది మాలకొండమ్మ. అంతమందిలో ఒక్క మనిషికి మాత్రం జేబు కుడిపక్కనుంది. పెద్దాయన అక్కణ్ణుంచే లోకాన్ని చూస్తున్నాడు.

పార్టీ చూడొద్దన్నారు, పెద్దోడా చిన్నోడా చూడొద్దన్నారు. వాళ్లు చూడలేదు. నేర్పినట్టే నొక్కారు.

సోమవారం పొద్దునకు పెంచలన్న పేజీ లేదు. అదే ఫోను నంబరు మీద పుట్టిన హారికా లేదు, అక్కడే పుట్టి ఆమెకు లైకులు కొట్టిన నాలుగు వేల మందీ లేరు. ఒక్కరోజులో మండలంలో అంతమంది పోయినా ఏ ఇంట్లోనూ ఏడుపు వినపడలేదు.

అంగన్వాడీలో వాణి టీచరు ఫోన్లో చాలాసేపు వెతికింది. "పోస్టు కనపడటం లేదే! అంటే జబ్బు లేదన్నమాట" అని చిట్టి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి రైలుకు చివరి పెట్టెగా తగిలించింది. ఆ మధ్యాహ్నం ఆడి ఆడి సోలి నిద్రపోయిన కొడుకు రొమ్ము మీద కామాక్షి అలవాటు కొద్దీ చెవి పెట్టింది. పరుగు ఇంకా ఆగనట్టు టకటకా కొట్టుకుంటోంది.

మంగళవారం చిట్టిని అంగన్వాడీలో వదిలి, అద్దం తెచ్చుకుందామని హెల్ప్ డెస్క్‌కి పోయింది. బల్లకి ఇవతల, ఆమె నిలబడ్డ చోటే, పెంచలకృష్ణ గారు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు.

"మళ్లీ కొట్టి చూడరా!"

"మూడుసార్లు కొట్టినా. నకిలీ అనే వస్తుండాదన్నా."

"రేయ్, నీ ఎదురుగా నిలబడుండా గదరా!"

"ఎదురుగా ఉండావన్నా. సిస్టంలో లేవు." అశోక్ తెర చూసి చదివాడు. "నిన్ను ఎరిగిన నిజమైన మనిషి ఎవరన్నా సాక్ష్యం చెప్పాలంట. మనోళ్లని అడుగుదామంటే... మనోళ్లు నాలుగు వేల మందీ నిన్ననే పోయినారు."

పెంచలకృష్ణ గారు చుట్టూ చూశారు. కామాక్షి కనపడగానే ఆయన మొహం వెలిగింది.

"అమ్మా హారికా! నువ్వు చెప్పు తల్లీ, నేనెవరో!"

కామాక్షి ఎవరిని పిలుస్తున్నారా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. బల్ల మీదున్న అద్దం తీసుకుని, అంటిన ఇసుకను పైటకొంగుతో తుడిచింది.

"ఆమె లేదు గదన్నా. ఇంక నేనంటావా, నేను సిస్టంలోనే లేను."