కప్పు కోసం కప్పిన మడి

సోమవారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చిన్నదే: టీచరమ్మ అయిన భార్యను బస్సెక్కించి, ఆఫీసుకెళ్లి ఫైళ్ల చాటున ఓ కునుకు తీయడం. మూడు రోజుల శిక్షణకు వెళ్తున్న ఆవిడ, బయల్దేరే ముందు పెరట్లో క్యారెట్ మడి చూపించింది.

"గురువారం క్యారెట్ల పోటీ. ఈసారీ కప్పు పక్కింటి దర్జీకే పోతే, నేనిక విత్తనం ముట్టను. మడి జాగ్రత్తండీ."

అన్నంత పనీ చేసే మనిషావిడ.

సాయంత్రం రేడియో, మూడు రాత్రులూ మంచు తప్పదంది. గుమాస్తా గుండె అప్పుడే గడ్డకట్టింది. మంచాల మీది దుప్పట్లు మడి మీదికి చేరాయి. చాలకపోతే తెరలు తీసి కిటికీల పరువూ తీశాడు. ఇంకా ఓ మూల మిగిలితే, ఇంట్లోనే ఉండే మామగారి ఓవర్‌కోటు అడిగాడు. అది లేనిదే నిద్రపట్టని ఆ పెద్దమనిషి, మొహమాటంతో తలూపాడు.

రాత్రి భార్య ఫోన్ చేస్తే, అంతా వెచ్చగా ఉందన్నాడు. తన తండ్రి సంగతే అనుకుని ఆవిడ "మీరు బంగారం" అంది. మర్నాడు ఆ బంగారం దుప్పట్ల కింద బల్బు కూడా వెలిగించింది.

గురువారం పొద్దున్నే పోటీ న్యాయనిర్ణేత అయిన హోటల్ వంటమాస్టారూ, టీచరమ్మా ఒకేసారి గేటు తీశారు. మడిని చూసి ఆవిడ బ్యాగు జారవిడిచింది.

"ఏంటండీ ఇది?"

"మంచు తగలనిస్తానా!"

"తగిలితేనే తీపెక్కేది. ఈ మంచు కోసం రెండు నెలలుగా పీకకుండా ఆగాను. నా దుంప తెంచారు."

నియమం ప్రకారం మడికి మూడు దుంపలు రుచి చూస్తారు, అన్నిట్లోకీ తియ్యనిదే లెక్క. వంటమాస్టారు మధ్యలోది పీకి కొరికి, మిగతాది పక్కన పెట్టాడు. బల్బు పక్కది కొరికి, ఉడకబెట్టారా అని అడిగాడు. గోడవతల దర్జీ నవ్వు సూదిలా గుచ్చింది. టీచరమ్మ కళ్లు మూసుకుంది.

మూడోది ఓవర్‌కోటు కింద మూలది. కొరికాడు. నమిలాడు. మళ్లీ కొరికాడు. తోక కూడా మిగల్చలేదు.

"చక్కెర," అన్నాడు. దర్జీ తల గోడ కిందికి దిగిపోయింది.

అందరూ గుమాస్తా వైపు చూశారు. అతను కోటు వైపు చూశాడు. గుమ్మంలో మామగారు దగ్గాడు.

"ఏమనుకోకండి అల్లుడుగారూ. మూడు రాత్రులూ మీరు పడుకోగానే కోటు తెచ్చేసుకున్నాను. మీరు లేచేలోగా మళ్లీ కప్పేశాను."

కప్పు ఇప్పుడు మామగారి గదిలో ఉంది. దుమ్ము పడకుండా దానిమీద గుడ్డ కప్పే పని మాత్రం అల్లుడికి ఎవరూ అప్పగించలేదు.