మేనేజరు మొక్కకు గుండు

రేణిగుంట గోడౌన్‌లో నైట్ డ్యూటీ దిగడం, ఇంట్లో అమ్మ చేతి ఇడ్లీలు తినడం, సాయంత్రం దాకా పడుకోవడం. మూడేళ్లుగా బాలచంద్రకు ప్రతి ఉదయమూ ఇదే వరస. ఆ రోజు మాత్రం చేతిలో ఒక పింగాణీ కుండీ కూడా ఉంది. అందులో మేనేజరు శకుంతలమ్మ ప్రాణంగా పెంచుకుంటున్న ఆస్పరాగస్ ఫెర్న్ మొక్క. ఆమె రెండు వారాలు సెలవు పెడుతూ దాన్ని అతనికి అప్పగించింది. "ఎండలో పెట్టొద్దు, మట్టి ఆరనియ్యొద్దు. నేనొచ్చినాక నీ పగటి డ్యూటీ సంగతి చూస్తాను" అంది.

ఈ జాగ్రత్తలన్నీ తల్లికి చెబుదామనుకుంటూనే బాలచంద్ర నిద్రపోయాడు.

తల్లి మునెమ్మ ఆ సన్నటి ఆకుల్ని, వేలాడే కొమ్మల్ని చూసి జాలిపడింది. "ఏసీలో పెట్టి సలికి సంపేసినారు బిడ్డను" అని మిద్దె మీదికి చేర్చింది. తిరుపతి ఎండ సంగతి ఆ మొక్కకు తెలియదు. మూడో రోజుకు పసుపు రంగుకు తిరిగింది. నాలుగో రోజు ముట్టుకుంటే చాలు, ఆకులు జలజలా రాలాయి. బాలచంద్ర కంగారుపడి బిందెడు నీళ్లు పోశాడు. ఇంకా రాలాయి.

అయిదో రోజు డ్యూటీ దిగి వచ్చేసరికి కుండీలో అంగుళమెత్తు మోళ్లు మిగిలాయి. వాటి మీద గంధం.

"మా! ఏం చేసినావే!"

"జుట్టు రాలిపోయే బిడ్డకు ఏం చేస్తామురా? గుండు కొట్టిస్తాము. ఒత్తుగా వస్తాది, సూడు."

"అది మేనేజరుది మా! నా పగటి డ్యూటీ పాయె!"

"గంధం గూడా పూసినాను కదరా. సల్లగుంటాది."

బాలచంద్ర చంద్రగిరి దారిలోని నర్సరీకి పరుగెత్తి, అచ్చం అలాంటి మొక్కే తెచ్చి పింగాణీ కుండీలో నాటాడు. పాత మోళ్లను వేర్లతో సహా పెయింటు డబ్బాలో కుక్కి తలుపు చాటున దాచాడు.

పద్నాలుగో రోజు శకుంతలమ్మ కొండ దిగి నేరుగా వాళ్లింటికే వచ్చింది. చేతిలో లడ్డూ, తల మీద కొంగు. కుండీని చూసి మురిసిపోయింది.

"ఎంత బాగా పెంచినావయ్యా! పగటి డ్యూటీ నీదే అనుకో."

బాలచంద్ర హమ్మయ్య అనుకునేలోపు ఉక్కపోతకు ఆమె కొంగు జార్చింది. నున్నటి గుండు, దానికి గంధం. మునెమ్మ ముఖం వెలిగిపోయింది.

"మీరూ కొట్టించినారా తల్లీ! ఉండండి" అంటూ తలుపు చాటు నుంచి పెయింటు డబ్బా లాక్కొచ్చింది. "ఇదీ అసలు మీ మొక్క. దీనికి గూడా కొట్టించినాము!"

శకుంతలమ్మ కుండీని చూసింది, డబ్బాను చూసింది. చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్లింది.

"బాలచంద్రా, నన్ను ఎగతాళి చేస్తా ఉండావా?"

అతనికి రిటైరయ్యేదాకా నైట్ డ్యూటీయే కళ్ల ముందు కనబడింది.

"ఎగతాళి ఏముండాది తల్లీ? ఈడ సూడండి."

ఎండిన గంధాన్ని చీల్చుకుని అయిదు పచ్చటి మొలకలు నిటారుగా నిలబడి ఉన్నాయి. శకుంతలమ్మ చతికిలబడి వాటిని వేలితో తాకింది.

"ఎన్ని దినాలకు వచ్చినాయి?"

"తొమ్మిది."

"మరి నాకు?"

"మీకింకొంచెం పడతాది తల్లీ."

శకుంతలమ్మ పకపకా నవ్వింది. పింగాణీ కుండీని అక్కడే వదిలేసి, పెయింటు డబ్బాను ఒళ్లో పెట్టుకుని కారెక్కింది.

సోమవారం నోటీసు బోర్డు మీద పగటి డ్యూటీ జాబితా పడింది. కొత్త పేరు ఒక్కటే ఉంది: మునెమ్మ, ఆఫీసు మొక్కల సంరక్షణ, తొమ్మిది నుంచి అయిదు దాకా.

ఇప్పుడు బాలచంద్ర ఇల్లు చేరే వేళకు మునెమ్మ కత్తెర సంచిలో వేసుకుని డ్యూటీకి బయలుదేరుతుంది. ఇడ్లీలు అతనే పెట్టుకుంటున్నాడు.