బుల్లెమ్మ కాపలా

ఆ ఆదివారం ఇంట్లో పెద్ద ఏర్పాట్లేమీ లేవు. రాత్రంతా మేలుకున్న అమ్మ కాసేపు పడుకోవాలి, నాన్న వంట చూడాలి, ఆరేళ్ల బుల్లెమ్మ ఉయ్యాల పక్కన కూర్చుని నెల నిండని తమ్ముణ్ణి కనిపెట్టుకుని ఉండాలి. అక్క అయినప్పటినుంచి బుల్లెమ్మకు కాలు నేల మీద నిలవడం లేదు. ఏ బొమ్మ ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకుంటే తను ఊరుకోదో తమ్ముడికి అప్పుడే పాఠాలు మొదలుపెట్టింది. వాడు కళ్లు మూసుకుని వినేవాడు.

చిక్కంతా కింది వాటాలో ఉండే టైలర్ పిన్నితో వచ్చింది. ముందురోజు ఆవిడ వాడి బుగ్గలు పుణికి, "వీణ్ణి నాకిచ్చెయ్యండి. రేపు సంచీ తెచ్చుకుని పట్టుకుపోతా" అంది.

"తీసుకుపోండి, నాకు కాస్త నిద్రైనా దొరుకుతుంది" అంది అమ్మ. అందరూ నవ్వారు, బుల్లెమ్మ తప్ప. కన్నతల్లే ఒప్పేసుకుంటే ఇక వాడికి దిక్కెవరు?

అన్నమాట ప్రకారం పిన్ని పొద్దున్నే మెట్లెక్కి వస్తోంది. చేతిలో సంచీ ఉంది. దానికి జిప్పు కూడా ఉంది. కిటికీలోంచి చూసిన బుల్లెమ్మ ఒక్క పరుగున ఉయ్యాల దగ్గరికి వచ్చింది. అమ్మ నేర్పినట్టే తల కింద చెయ్యి వేసి తమ్ముణ్ణి ఎత్తుకుని, భోజనాల బల్ల కింద బొంత పరిచి పడుకోబెట్టింది. బల్లగుడ్డ నేలదాకా వేలాడుతోంది కాబట్టి బయటికి కనబడడు. ఉయ్యాలలో దిండు పెట్టి, దానికి వాడి టోపీ తగిలించి, దుప్పటి కప్పేసింది.

నాన్న గరిటె పట్టుకునే పిన్నిని ఉయ్యాల దగ్గరికి తీసుకొచ్చాడు. ఆవిడ దోమతెరలోంచి తొంగిచూసి, "అచ్చం మీ పోలికే" అంది.

"ముక్కు చూశారా" అని నాన్న పొంగిపోయాడు.

"చొక్కా కుట్టుకొచ్చా, వేసి చూద్దాం" అంటూ పిన్ని తెర ఎత్తింది. ఆవిడ చేతికి దిండు వచ్చింది.

నాన్న మొహం పాలిపోయింది. "తమ్ముడేడమ్మా?"

"వాణ్ణి తీసుకుపోనని పిన్ని ఒట్టెయ్యాలి."

"నీ మీద ఒట్టు, తల్లీ."

"నా మీద కాదు. మీ కుట్టుమిషను మీద."

పిన్ని మిషను మీద ఒట్టేసింది. బుల్లెమ్మ ఠీవిగా నడిచి వెళ్లి బల్లగుడ్డ ఎత్తింది. బొంత ఉంది. తమ్ముడు లేడు.

ఈ అలికిడికి అమ్మ లేచి వచ్చింది. సంగతి విని గోడ పట్టుకుంది. వెనక బాల్కనీలో నానమ్మ శాలువా కప్పుకుని ఎండలో కూర్చుని ఉంది. "మా అమ్మకి మాత్రం చెప్పకండి, బీపీ మనిషి" అన్నాడు నాన్న. దాంతో వెతుకులాటంతా గుసగుసల్లోనే సాగింది. మంచాల కింద చూశారు, బీరువాలు తీశారు. పిన్ని వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చింది.

"ఏం వెతుకుతున్నార్రా?" అని నానమ్మ కుర్చీలోంచే కేకేసింది.

"ఏం లేదమ్మా, నా కళ్లజోడు."

"నీ ముక్కు మీదే ఉంది కదరా."

"దొరికిందమ్మా" అంటూ నాన్న మళ్లీ మంచం కిందికి దూరాడు.

అమ్మ నేలమీద కూలబడి ఏడుస్తోంది. బుల్లెమ్మకు అది చూసి సంగతి అర్థమైంది. దొంగల నుంచి కాపాడబోయి తనే తమ్ముణ్ణి పోగొట్టింది. ఇక ఉండబట్టలేక బాల్కనీలోకి వెళ్లింది.

"నానమ్మా, బీపీ తెచ్చుకోకుండా వింటావా?"

"చెప్పు."

"తమ్ముడు పోయాడు. నేనే బల్ల కింద దాచా" అని బావురుమంది.

నానమ్మ శాలువా పక్కకి తప్పించింది. ఒళ్లో తమ్ముడు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

"బల్ల కింద కుయ్యిమంటే ఎత్తుకొచ్చా. మీ నాన్న పెట్టాడనుకున్నా. తాళాలు ఫ్రిజ్‌లో పెట్టే మనిషేగా."

అందరూ పరిగెత్తుకొచ్చారు. అమ్మ వాణ్ణి గుండెకు హత్తుకుంది. పిన్ని గడపలోనే చతికిలబడింది. నాన్నకు పోయిన ప్రాణం లేచివచ్చి, దాంతోపాటు కోపమూ వచ్చింది. "చెప్పొద్దూ, అమ్మా?"

"కళ్లజోడన్నావు కదరా."

అమ్మ రెండో చేత్తో బుల్లెమ్మను దగ్గరికి లాక్కుంది. "వాణ్ణి ఎవరికీ ఇవ్వను. నిన్నూ ఇవ్వను. సరేనా?"

బుల్లెమ్మ కళ్లు తుడుచుకుని, తమ్ముడి చెవి దగ్గరికి వంగింది. "ఇంట్లో పెద్దవాళ్లని నమ్ముకోకు. ఏం కావాలన్నా నన్నడుగు" అని చెప్పింది.

వాడికి ఊహ తెలిశాక ఈ కథ అక్క నోటే వింటాడు కనుక, అందులో తప్పు నాన్నదే అయివుంటుంది.