మాటల్లేని పనిమనిషి వేషం

ఇంగ్లీషు మాట్లాడకుండా అమెరికాలో బతకడానికి నా ఉపాయాలు నాకున్నాయి. పక్కింటావిడ పలకరిస్తే నాకు దగ్గొస్తుంది. స్కూల్లో టీచరు ఎదురైతే ఫోనొస్తుంది. మరీ ఇరుక్కుంటే మా నాలుగేళ్ల సాన్వికి బాత్రూమొస్తుంది. పాపం ఆ పిల్ల, రాకపోయినా వెళ్తుంది.

నా చదువు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఆగింది. అది ఆగిన చోటే భయం మొదలైంది.

మా ఆయన రఘువీర్ గారికి ఈ ఉపాయాలు నచ్చవు. "లైబ్రరీలో ఇంగ్లీష్ క్లాసులో చేరు" అని రోజూ ఒకటే పోరు. ఒకరోజు, "పోనీ మా డ్రామాలో వెయ్యి. పనిమనిషి వేషం. ఒక్క మాట కూడా లేదు. టీ ట్రే తేవడం, పోవడం" అన్నారు.

"ఇంట్లో చేస్తున్నది అదేగా!"

"ఇంట్లో మాటలు కూడా ఉన్నాయి."

ఆ పోటు మింగి, లోపల లెక్క వేసుకున్నాను. "వేస్తే మళ్లీ క్లాసు మాటెత్తకూడదు."

"ఒట్టు!"

నోరు విప్పకుండా క్లాసు తప్పించుకున్నానని మురిసిపోయాను.

మేముండే నోవై ఊళ్లో జనమే కలిసి వేసే నాటకం అది. ఇంగ్లండ్ వాళ్ల హాస్యం. ఒక దొరగారి ఇల్లు, అయిదు తలుపులు, దాక్కునేవాళ్లు ఆరుగురు. మా ఆయన బురద బూట్లు విప్పేసి అలమరలో దూరతారు. ఇన్‌స్పెక్టర్ ఆ బూట్లు చూసి, "ఇవెవరివి?" అంటూ అలమర తెరుస్తాడు. రిహార్సల్స్ అన్నీ బూట్లు ఉన్నాయనుకుని చేశారు. అసలు బూట్లు ఆట రోజే వచ్చాయి.

ఆ రోజు టీ ట్రే పట్టుకుని స్టేజి ఎక్కాను. చీకట్లో రెండు వందల మంది. ముందు వరసలో, మా వీధిలోనే ఉండే ఉషా ఆంటీ ఒళ్లో సాన్వి. టీ పెట్టి వెనక్కి తిరిగాను.

కార్పెట్ మీద బురద బూట్లు!

భయంలో నా బుర్ర ఆగిపోయింది కానీ, చేతులు ఆగలేదు. రెండు బూట్లూ తీసుకెళ్లి గుమ్మం బయట పెట్టేసి వచ్చి, ఏప్రన్‌తో బురద తుడుస్తున్నాను. ఇంతలో ఇన్‌స్పెక్టర్ వేషంలో వాల్టర్ గారు వచ్చారు. కార్పెట్ చూశారు. సోఫా కింద చూశారు. పాపం, ఆయన మాటలన్నీ బూట్లు కనపడ్డాకే.

అలమరలోంచి గుసగుస: "వర్షా! ఏమైంది?"

"బూట్లు బయట పెట్టానండీ."

"ఎందుకే?"

"కార్పెట్ మీద బురదండీ."

"అది మన కార్పెట్టా?"

"ఎవరిదైతే మాత్రం!"

"నాకు ఊపిరాడట్లేదు. ఆయనకి చెప్పు!"

"ఇంగ్లీషులోనా?"

"కాదు, సంస్కృతంలో!"

పారిపోదామంటే అయిదు తలుపుల్లో ఏది బయటికో గుర్తు రాలేదు. లోపల మనిషి దగ్గుతున్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కళ్లు మూసుకుని అనేశాను:

"సర్, నో షూస్ ఇన్ హౌస్. ఐ కీప్ అవుట్‌సైడ్. మై హస్బెండ్ ఈజ్ ఇన్ కబోర్డ్. ప్లీజ్ ఓపెన్!"

నాటకంలో పెళ్లే కాని పనిమనిషిని నేను. హాలు విరగబడి నవ్వింది. వాల్టర్ గారు తన కాళ్లు చూసుకుని, గౌరవంగా తన బూట్లు కూడా విప్పి, బయట పెట్టి వచ్చి మరీ అలమర తెరిచారు.

తెర వెనక కూర్చుని ఉంటే డైరెక్టర్ డోరిస్ వచ్చింది. రిహార్సల్స్‌లో ఈలేసి మరీ అందరినీ నిలబెట్టేది కాబట్టి నేనావిడకి ఈల డోరిస్ అని పేరు పెట్టుకున్నాను. ఇంకా మూడు ఆటలున్నాయట, ప్రతి ఆటలోనూ ఆ మాటలు కావాలట.

ఇప్పుడు ఆపకపోతే చచ్చానే అనుకుని, నాకు ఇంగ్లీషు ఎందుకు రాదో ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. పెళ్లి దగ్గర మొదలుపెట్టాను. ఈయన ఒట్లూ, ఈయన గురకా, తడి తువ్వాలు మంచమ్మీద పడేయడం, ఏదీ వదల్లేదు. అయిదు నిమిషాలు పట్టింది. డోరిస్ తలూపుతూ ఏదో రాసుకుంది. నా బాధ అర్థమైందనుకున్నాను.

కాగితం చింపి నా చేతిలో పెట్టింది.

"వండర్‌ఫుల్! రేపు రెండో అంకంలో ఇదంతా చెప్పెయ్!"

పేజీన్నర.

"ఏమండీ, రేపు నాకు జ్వరం వస్తే?"

నా భుజం మీంచి ఆ కాగితం చదువుతున్న మా ఆయన నీరసంగా అన్నారు:

"నాకు అప్పుడే వచ్చేసింది."